విశ్రాంతి ఎరుగని విశ్రాంత ఉద్యోగి - సర్ ఆర్థర్ కాటన్

గోదావరి డెల్టాలో కాటన్ దొర పేరు వినని ఇల్లు ఉండదు. ధవళేశ్వరం ఆనకట్ట ఆయన కట్టించాడన్న సంగతి చిన్నపిల్లలకు సైతం తెలుసు. అయితే ఆ మహనీయుడు ఏ పరిస్థితులలో ఆ పనికి పూనుకున్నాడో, ఎన్ని అడ్డంకులను దాటాడో, ఉద్యోగం నుండి తప్పుకున్న తరువాత సుమారు నలభై సంవత్సరాలు ఏమి చేశాడో మనలో కొందరికే తెలుసు. మన పెన్షనరు సోదర సోదరీమణులలో కాలువగట్ల మీద, లాకుల వద్ద, సెక్షన్ ఆఫీసులలో జీవితమంతా గడిపినవారు ఎందరో ఉన్నారు. అందుచేత ఈ ప్రత్యేక సంచికలో ఆయన జీవితాన్ని సంగ్రహంగా స్మరించుకోవడం సముచితమని భావిస్తున్నాను.

బాల్యం - ఉద్యోగ ప్రవేశం

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించారు. హెన్రీ కాల్వెలీ కాటన్ గారికి పదవ కుమారుడు. అంత పెద్ద కుటుంబంలో పుట్టిన పిల్లలకు తమ దారి తాము వెతుక్కోక తప్పదు. పదిహేనవ ఏట ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరారు. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో నియామకం పొంది, 1821లో మద్రాసు చేరుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు పద్ధెనిమిది. మన పిల్లలు కాలేజీలో అడుగుపెట్టే ఈడులో ఆయన సముద్రం దాటి, భాష తెలియని దేశంలో కొలతల గొలుసు పట్టుకున్నారు.

మొదటి బర్మా యుద్ధంలో కొంతకాలం పనిచేసి తిరిగివచ్చిన తరువాత ఆయనను కావేరి నీటిపారుదల పనులకు వేశారు. ఆయన జీవితం మలుపు తిరిగింది అక్కడే.

కరికాలుని ఆనకట్ట నేర్పిన పాఠం

తంజావూరు ప్రాంతానికి కావేరి ప్రాణాధారం. కాని ఆ కాలంలో కావేరి నీరు క్రమంగా కొళ్లిడం పాయలోకి మళ్లిపోతూ, కావేరిలో ఇసుక మేటలు వేస్తూ వచ్చింది. పొలాలు ఎండిపోసాగాయి. కాటన్ ముందుగా అక్కడి పురాతనమైన కల్లణైని, అనగా చోళరాజు కరికాలుడు కట్టించాడని చెప్పుకునే గ్రాండ్ ఆనకట్టను, నిశితంగా పరిశీలించారు. ఇసుక తప్ప గట్టి నేల లేని చోట ఆ కట్టడం శతాబ్దాల తరబడి ఎలా నిలిచిందన్నది ఆయనకు కలిగిన ప్రశ్న.

పరిశీలించగా సంగతి బోధపడింది. బరువైన రాళ్లను ఇసుకలో వేస్తే ప్రవాహానికి క్రింది ఇసుక కొట్టుకుపోయి రాయి కొంత దిగుతుంది. దానిపై మరికొన్ని రాళ్లు వేస్తే అవీ కొంత దిగుతాయి. అలా వేస్తూపోతే ఒక దశలో దిగడం ఆగిపోతుంది. అప్పుడు దాని మీద గోడ కట్టవచ్చు. గట్టి రాతినేల దొరకనిదే నదికి అడ్డుకట్ట వేయరాదని పాశ్చాత్య ఇంజనీర్లు నమ్మే రోజులవి. మన పూర్వులకు తెలిసిన విద్యను కాటన్ వారి కట్టడం వద్దనే నేర్చుకున్నారు. ఆ సంగతి దాచుకోలేదు కూడా. ఆ విద్యతోనే 1836లో కొళ్లిడంపై ఎగువ ఆనకట్ట, దిగువ ఆనకట్ట కట్టించారు. తంజావూరు మళ్లీ పచ్చబడింది.

తరువాత కొంతకాలం విశాఖపట్నంలో ఉండగా సముద్రపు కోతను ఆపడానికి తీరం వెంబడి అడ్డంగా రాతి కట్టలు వేయించారు. ఈ మధ్యలోనే ఆరోగ్యం దెబ్బతిని టాస్మేనియా వెళ్లారు. 1841లో ఎలిజబెత్ లియర్మంత్ గారిని వివాహమాడారు.

గోదావరి జిల్లా దుస్థితి

ఆ రోజులలో మన ప్రాంతం ఎలా ఉండేదో ఈనాటి పచ్చని వరిచేలు చూసి ఊహించడం కష్టం. గోదావరి నిండుగా పారుతున్నా పొలానికి నీరు లేదు. వరద వస్తే ఊళ్లు మునిగేవి, వరద తగ్గితే నీరంతా సముద్రం పాలయ్యేది. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. గుంటూరు సీమలో మొదలైన ఆ క్షామం మన జిల్లాను కూడా కుదిపివేసింది. 1839 నవంబరులో కోరంగి వద్ద ఉప్పెన వచ్చి తీర ప్రాంతాన్ని ముంచివేసింది. 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఇరవై ఏళ్లలో ప్రతి నలుగురిలో ఒకరు తగ్గిపోయారన్నమాట. కొందరు చనిపోయారు, కొందరు వలస పోయారు.

జనం తగ్గితే శిస్తు కూడా తగ్గుతుంది. కంపెనీ ప్రభుత్వం కంగారుపడి సర్ హెన్రీ మాంట్‌గొమరీని ప్రత్యేక విచారణకు పంపింది. 1844లో ఆయన ఇచ్చిన నివేదికలో, జిల్లా బాగుపడాలంటే నీటిపారుదల పనులు తప్పవని, అందుకు సమర్థుడైన ఇంజనీరును నియమించాలని సిఫారసు చేశారు. ఆ బాధ్యత కాటన్‌కు అప్పగించారు. ప్రజల ఆకలి కంటె ఖజానా లోటే ప్రభుత్వాన్ని కదిలించిందన్నది నిజం. కాటన్ మాత్రం రెండింటినీ కలిపి చూపించారు. రైతుకు నీరిస్తే అతడు బ్రతుకుతాడు, అతడు బ్రతికితే శిస్తు వస్తుంది, కాబట్టి ఈ ఖర్చు దానం కాదు, పెట్టుబడి అని తన నివేదికలలో లెక్కలతో సహా వాదించారు.

ధవళేశ్వరమే ఎందుకు?

కాటన్ గుర్రంపై డెల్టా అంతా తిరిగి మట్టాలు కట్టించారు. 1844, 1845 సంవత్సరాలలో నివేదికలు సమర్పించారు. ఆనకట్టకు ఆయన ఎంచుకున్న స్థలం ధవళేశ్వరం. ఇక్కడ నది లంకలతో సహా సుమారు నాలుగు మైళ్ల వెడల్పు ఉంటుంది. సామాన్యులకు వింతగా తోచవచ్చు, ఇరుకైన చోట కట్టుకుంటే ఖర్చు తగ్గదా అని. కాని ఇరుకైన చోట వరద లోతుగా, ఉధృతంగా పారుతుంది. వెడల్పైన చోట అదే వరద పలుచబడి, వేగం తగ్గి పారుతుంది. పైగా నది నడుమ లంకలు ఉన్నందున ఆనకట్టను నాలుగు ముక్కలుగా కట్టుకోవచ్చు. డెల్టా తలభాగం ఇదే కాబట్టి ఇక్కడ నీరు నిలిపితే ఇరువైపులా కాలువలకు దానంతట అదే వాలుగా పారుతుంది. ఇక రాయికి ధవళేశ్వరం కొండ ప్రక్కనే ఉంది. కలప ఎగువ అడవుల నుండి నది మీదనే తేలివస్తుంది.

1846 డిసెంబరులో అనుమతి లభించింది. 1847లో పని మొదలైంది. కావలసిన ఇంజనీర్లు, పనివారు ఇంతమంది అని కాటన్ వ్రాస్తే, పంపినది అందులో అతి స్వల్పం. పని తెలిసినవారు దొరకని చోట ఉన్నవారికే పని నేర్పుకున్నారు. కొండ నుండి నది వరకు పట్టాలు వేసి బండ్లపై రాయి తరలించారు. ఇసుకలో నూతులు దింపి, వాటిపై గోడ కట్టి, దిగువన పెద్ద రాళ్లతో వెడల్పాటి పరుపు పరిచారు. నీరు ఆనకట్ట దాటి దూకినప్పుడు పునాది కోసుకుపోకుండా కాపాడేది ఆ రాతిపరుపే.

పని చేయడానికి ఏడాదిలో దొరికేది కొద్ది నెలలే. వరద తీసిన తరువాత మొదలుపెట్టి, జూన్ నాటికి చేసిన మేరకు భద్రం చేసుకోవాలి. ఆపైన గోదావరి ఎవరి మాటా వినదు. వరదకు దెబ్బతిన్న భాగాన్ని మరుసటి సంవత్సరం మళ్లీ కట్టుకోవాలి. మండుటెండలలో రోజంతా పనివద్దనే ఉన్నందున 1848లో కాటన్ వడదెబ్బకు గురై సెలవుపై వెళ్లవలసివచ్చింది. ఆయన లేని రెండేళ్లు కెప్టెన్ ఓర్ పని సాగించారు. కాటన్ 1850లో తిరిగివచ్చారు. 1852 నాటికి ఆనకట్ట పూర్తి అయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలు కలిపి దాని నిడివి సుమారు మూడున్నర కిలోమీటర్లు.

రాయి మోసిన చేతులు

ఇంత పని ఒక్క దొర చేతిమీదుగా జరిగిందని అనుకోరాదు. వేలాది కూలీలు, వడ్డెరలు, తాపీవారు, వడ్రంగులు, కమ్మరులు, పడవవారు అందులో పాలు పంచుకున్నారు. వారి పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. పేరు నిలిచిన ఒకరు వీణెం వీరన్నగారు. ఓవర్సీరుగా కాటన్‌కు కుడిభుజమై, కూలీలను సమీకరించడంలో, వారితో మాట్లాడి పని నడిపించడంలో ఆయన చూపిన సమర్థతకు ప్రభుత్వం రాయ్‌బహదూర్ బిరుదునిచ్చి గౌరవించింది. మన శాఖలోని క్రింది స్థాయి ఉద్యోగులందరికీ వీరన్నగారు ఆదిపురుషుడని చెప్పుకుంటే అతిశయోక్తి కాదు.

ఆనకట్ట పూర్తికాగానే వైనతేయ పాయకు అవతల ఉన్న నగరం లంకకు నీరు చేర్చేందుకు గన్నవరం వద్ద అక్విడక్టు కట్టారు. నది మీదుగా కాలువను పారించే ఆ నలభై తొమ్మిది కమానుల వంతెనను యువ ఇంజనీరు హేగ్ నిర్మించారు. సుమారు నూట యాభై ఏళ్లు అది కోనసీమకు సేవ చేసింది. 2000 సంవత్సరంలో దాని సరసన కట్టిన కొత్త అక్విడక్టుకు అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. నీరు తెచ్చిన వంతెనకు అన్నం పెట్టిన తల్లి పేరు ఎంత చక్కగా అమరిందో చూడండి.

కాలువ అంటే ఒక్క పొలమే కాదు

కాటన్ దృష్టిలో కాలువకు మూడు పనులు. పొలం తడపడం మొదటిది, సరుకు మోయడం రెండవది, ఊరికి నీరివ్వడం మూడవది. అందుకే ప్రధాన కాలువలకు పడవలు పోయేందుకు వీలుగా లాకులు కట్టించారు. ఏలూరు కాలువ ద్వారా కృష్ణా డెల్టా కాలువలతోను, అక్కడి నుండి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువలతోను సంబంధం ఏర్పడిన తరువాత కాకినాడ నుండి చెన్నపట్నం వరకు పడవపై పోగలిగేవారు. ధాన్యం, కొబ్బరికాయలు, కలప, పెళ్లివారు, నాటకాల కంపెనీలు, అన్నీ ఆ పడవల మీదనే సాగేవి. మనలో పెద్దవారికి ఆ తెరచాపలు, గట్టుమీద తాడు లాగుతూ నడిచేవారు ఇంకా జ్ఞాపకం ఉండవచ్చు.

ఇక వేసవిలో కాలువలు కట్టివేసే ముందు ప్రతి ఊరి మంచినీటి చెరువును కాలువ నీటితో నింపుకోవడం డెల్టాలో తరతరాల అలవాటు. తీరానికి దగ్గరైన గ్రామాలలో భూగర్భజలం ఉప్పన. అక్కడ కాలువ నీరే దాహం తీర్చేది. సాగునీరు, తాగునీరు అని మనం ఫైళ్లలో రెండు పద్దులుగా వ్రాసుకున్నా, లాకు తలుపు ఎత్తితే దిగేది ఒకటే నీరు.

ఫలితం చెప్పనక్కరలేదు. కరువు సీమ అన్నపూర్ణ అయింది. 1876-78 నాటి మహాక్షామంలో దక్షిణాదిన లక్షలాది జనం ఆకలితో మరణిస్తుండగా గోదావరి డెల్టా తాను తిని ఇతరులకు ధాన్యం పంపగలిగింది.

పెన్షను పుచ్చుకున్న తరువాత

1861లో ఆయనకు నైట్ బిరుదు లభించింది. ఆ ప్రాంతంలోనే ఇండియా ఉద్యోగం చాలించి ఇంగ్లండు చేరారు. అప్పటికి వయస్సు అరవై లోపే. మరొకరైతే తోటపని చూసుకుంటూ కాలక్షేపం చేసేవారు. కాటన్ అలా కూర్చోలేదు. ఈ దేశానికి కావలసినది రైలుమార్గాల కంటె ముందుగా నీటిమార్గాలని, నదులను కాలువలతో కలిపితే కరువునూ రవాణా ఖర్చునూ ఒకేసారి జయించవచ్చునని ఉపన్యాసాలిస్తూ, కరపత్రాలు వ్రాస్తూ, అధికారులతో వాదిస్తూనే ఉన్నారు. రైలు కంపెనీలకు వడ్డీ హామీతో ధారాళంగా డబ్బు ఇస్తూ కాలువలకు చేయి బిగించడం ఆయనకు మింగుడుపడలేదు. 1878లో పార్లమెంటు కమిటీ ఎదుట హాజరై తన పనుల గురించి గడ్డు ప్రశ్నలెన్నింటికో సమాధానాలు చెప్పుకున్నారు. డెబ్బై అయిదేళ్ల వృద్ధుడు, కట్టిన ఆనకట్ట కళ్లెదుట పంటలు పండిస్తుండగా, తన పని దండుగ కాదని నిరూపించుకోవలసి రావడం విచారకరం.

ఆయన చెప్పినవన్నీ ఫలించాయని కూడా అనలేము. ఆయన ప్రోత్సహించిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్విన కర్నూలు-కడప కాలువ వాటాదారులకు నష్టం తెచ్చింది. 1882లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకుంది. అయితే రాయలసీమ రైతుకు కె.సి. కెనాల్ నేటికీ ఆధారమే. భద్రాచలం ఎగువన పడవలు నడపాలని దుమ్ముగూడెం వద్ద తలపెట్టిన పనులను 1871లో మధ్యలోనే వదిలివేశారు. రైలు విషయంలోను కాలం ఆయన పక్షాన నిలవలేదు. డెల్టాలో పడవలను చివరకు రైలు, లారీ కలసి మింగివేశాయి.

మరొక లోపం మనవారందరికీ అనుభవమే. పొలానికి నీరు తేవడంపై పెట్టినంత శ్రద్ధ ఆ నీటిని బయటకు పంపడంపై ఆ తొలి రోజులలో పెట్టలేదు. చివరి భూములలో ముంపు పెద్ద సమస్య అయింది. ఆ సమస్య పరిశీలనకు 1964లో మిత్రా కమిటీని వేయవలసివచ్చింది. కాలువ ఎంత ముఖ్యమో మురుగుకాలువ అంత ముఖ్యమని డెల్టా రైతు ప్రతి తుఫానుకూ నేర్చుకుంటూనే ఉన్నాడు.

డార్కింగ్‌లోని తన ఇంటివద్ద కాటన్ చివరి సంవత్సరాలలో సైతం లోతు దుక్కితో గోధుమ దిగుబడి ఎంత పెంచవచ్చునో ప్రయోగాలు చేస్తూ గడిపారు. 1899 జూలై 24వ తేదీన, తొంభై ఆరవ ఏట తుదిశ్వాస విడిచారు. మరుసటి సంవత్సరం ఆయన కుమార్తె లేడీ హోప్ తండ్రిగారి జీవిత చరిత్రను ప్రచురించారు.

ఆనకట్ట నుండి బ్యారేజి

పాత ఆనకట్ట నూరేళ్లకు పైగా పనిచేసి శిథిలావస్థకు చేరగా 1970లో కొత్త బ్యారేజి పని ప్రారంభమై 1982లో పూర్తయింది. దానికి సర్ ఆర్థర్ కాటన్ పేరే పెట్టారు. ధవళేశ్వరం వైపు 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39, మొత్తం 175 గేట్లు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో సుమారు పది లక్షల ఎకరాలకు నీరందుతుంది. 1986 ఆగస్టులో మునుపెన్నడూ ఎరుగని వరద వచ్చి గట్లు తెగి ఊళ్లు మునిగినా బ్యారేజి చెక్కుచెదరలేదు. ఆ రాత్రులు గేట్ల వద్ద, గట్ల మీద ఇసుక బస్తాలతో కాపలా కాసినవారిలో ఎందరో నేడు పెన్షనర్లు. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ఈ అంకెలు వారికి తమ పిల్లల పుట్టినతేదీల వలె కంఠతా ఉంటాయి.

2015లో పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీరు కృష్ణకు చేరింది. పోలవరం ప్రాజెక్టు నిర్మాణంలో ఉంది. నదులను కలపాలన్న కాటన్ ఆలోచన నూటయాభై ఏళ్ల తరువాత మన కళ్లముందే కొంత రూపు దిద్దుకుంటోంది.

మన కర్తవ్యం

హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద తెలుగు ప్రముఖుల సరసన ఒక ఆంగ్లేయుని విగ్రహం నిలిచింది. గోదావరి స్నానం చేసేవారు సంకల్పంలో ఆయనను భగీరథునితో పోల్చి స్మరించే ఆచారం ఉంది. పరాయి పాలకుల కొలువులో వచ్చిన వ్యక్తికి మనవారు ఇచ్చిన గౌరవం ఇది. పాలనను క్షమించి ఇచ్చింది కాదు, పనిని గుర్తించి ఇచ్చింది.

అయితే దండలు వేయడంతో ఋణం తీరదు. కాటన్ కాలంలో గోదావరికి నీటిని నిలపడమే సమస్య. నేడు నిలిచిన నీటిని శుభ్రంగా ఉంచడం సమస్య. పట్టణాలు పెరిగి, ఇళ్లలో వాడిన నీరు నదిలోకి, కాలువలలోకి చేరుతోంది. ఆ కాలువ నీరే దిగువ గ్రామాల చెరువులకు, కుళాయిలకు పోతుంది. పట్టణంలో వాడిన నీటిని శుద్ధిచేసి తోటలకు, పచ్చగడ్డి మడులకు, రోడ్డుప్రక్క చెట్లకు వేరే గొట్టాలలో మళ్లిస్తే రెండు లాభాలు. కాలువ మలినం కాదు, ఆ మేరకు మంచినీరు మిగులుతుంది. తాగడానికి పనికిరాని నీరు మొక్కకు పనికివస్తుంది. ఇది కొత్త సంగతి కాదు. పెరటిలో స్నానాల నీటిని అరటిచెట్టుకు మళ్లించిన మన ఇల్లాళ్లకు ఎప్పుడో తెలిసిన విద్య. ఊరి స్థాయిలో చేయడమే మిగిలింది.

ఈ మాట పంచాయతీలో, మునిసిపాలిటీలో, రైతు సంఘంలో గట్టిగా చెప్పగలవారు ఎవరు? కాలువ మట్టం, వాలు, తూము కొలత తెలిసిన మన పెన్షనర్లే. అనుభవం ఉంది, తీరిక ఉంది, బదిలీల భయం లేదు. ఉద్యోగం మానిన తరువాత మరో ముప్పై ఎనిమిదేళ్లు నీటి కోసం వాదించిన కాటన్ గారి జీవితం నుండి మనం తీసుకోవలసిన పాఠం అదే. పెన్షను ఉద్యోగానికి వస్తుంది గాని బాధ్యతకు కాదు.